మొదటి రేవు నీళ్ళు

ఎడమ మోకాలు అయిపోయింది. కుడిది ఎప్పుడూ మొండిది, దానికి రెండింతల సేపు పడుతుంది. ఆయన మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ట్యూబును అడుగునుంచి నొక్కుకుంటూ వచ్చి బఠాణీ గింజంత మందు వేలి మీదికి తీసుకున్నాడు. మోకాటిచిప్ప చుట్టూ బొటనవేలితో మెల్లగా తిప్పుకుంటూ పోతే లోపలి వైపు ఒకచోట చిన్న పల్లం తగులుతుంది. నొప్పి కాపురముండేది అక్కడే. అక్కడికి రాగానే వేలు దానంతటదే నెమ్మదిస్తుంది.

"ఆ, అక్కడే," అంది భార్య కళ్ళు తెరవకుండానే. "నువ్వు డాక్టరువై ఉంటే ఎందరో బాగుపడేవాళ్ళు."

ఆయన బొటనవేలు అక్కడే తిప్పుతూ ఉన్నాడు.

"ఎక్కడ్లే. డాక్టరంటే రోగితో మాట్లాడాలి కదా. నువ్వొక మాటకి ఒక పూట తీసుకుంటావు. నువ్వు నోరు విప్పేలోగా రోగం విసుగెత్తి దానంతటదే పోయేది."

మీసం కింద నవ్వాడో లేదో తెలియలేదు. అరవై మూడేళ్ళ మనిషి. ఒంటి మీద కండ ఎక్కడిదక్కడ ఎండిపోయింది కానీ భుజాలూ చేతులూ మాత్రం ఇంకొకరివి తెచ్చి అతికించినట్టు దిట్టంగా ఉంటాయి. ఇరవై ఏడేళ్ళు నదిలో పడవ నడిపిన చేతులు. వంతెన కట్టాక పడవకి పని లేకుండా పోయింది. రెండేళ్ళు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాడు. ఆ రెండేళ్ళే కాదు, మొత్తం ముప్పై ఏళ్ళు ఆమె ఒక పెద్ద ఆఫీసులో నేల తుడిచింది. నిలబడి తుడిచే కర్రలు అప్పుడు లేవు. మోకాళ్ళ మీద వంగి, గుడ్డ పిండుకుంటూ, మూల నుంచి మూలకి పాకడమే. నాలుగంతస్తులు. ఆ నాలుగంతస్తులూ ఇప్పుడు ఈ రెండు మోకాళ్ళలోకి వచ్చి కూర్చున్నాయి.

ఆమె వంగలేదు. తన మోకాలు తనకే అందదు. నాలుగు నెలల కిందట డాక్టరు ఈ ట్యూబు రాసిచ్చిన దగ్గర్నుంచి తెల్లవారగానే ఆయన చేసే మొదటి పని ఇదే. వాళ్ళిద్దరికీ పిల్లల్లేరు. చెప్పుకోవడానికి ఆమెకి కావలసినన్ని మాటలున్నాయి. ఆయన చెప్పవలసినవన్నీ ఈ పావుగంటలో వేళ్ళతోనే చెప్పేసేవాడు.

లేచి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బు రెండుసార్లు. గోళ్ళ సందుల్లో కూడా. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. సబ్బు వాసనే వస్తోంది. సరే అనుకున్నాడు.

"టీ పెట్టనా?" అని ఆమె అడగడం, ఆయన తల అడ్డంగా ఊపడం రోజూ ఉండేదే.

"అవున్లే. నువ్వు టీ చుక్క తాగొస్తే నది మొత్తం పాడైపోతుంది. వినేవాళ్ళుంటే నవ్విపోతారు."

ఆమె వేళాకోళమాడినా సంగతి నిజమే. ల్యాబ్‌లో యంత్రం ఉంది. చెరువంత నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసినా అది పట్టేస్తుందని ల్యాబ్ మేడమ్ చెప్పింది. టీలో ఉండే సరుకునూ పట్టేస్తుంది. అందుకే నీళ్ళు పట్టే రోజుల్లో, అంటే వారానికి రెండు రోజులు, ఆయన మధ్యాహ్నం దాకా టీ ముట్టడు. ఆరేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు.

వీధి చివర బండి ఆగి ఉంది. దాని డ్రైవరు పుట్టుకతోనే వాగుడుకాయ. ల్యాబ్‌లో అందరూ అతన్ని రేడియో అంటారు. ఆయన్ని నీళ్ళ బాబాయి అంటారు. ఇద్దర్నీ ఒకే బండిలో వేయడం ఎవరి ఆలోచనో కానీ మంచి ఆలోచన. ఒకరు మాట్లాడాలంటే ఇంకొకరు ఊరుకోవాలి కదా.

"రా బాబాయ్. ఐసు నిండుగా పోశా. సీసాలు ఎంచి పెట్టా. ఐదూ ఒకటీ ఆరు. మళ్ళీ నువ్వెంచుకో, నా లెక్క నమ్మవుగా నువ్వు."

ఆయన వెనక తలుపు తీసి ఎంచుకున్నాడు. ఆరే.

పని చూడబోతే చిన్నదే. నది ఊళ్ళోకి రాకముందు ఒకటి, ఊరు దాటేలోగా నాలుగు, మొత్తం ఐదు రేవులు. ఒక్కో రేవులో ఒక్కో సీసా నీళ్ళు పట్టాలి. ముదురు రంగు గాజు సీసా, ఎండ తగిలితే కొన్ని మందులు విరిగిపోతాయని. నది నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి నింపాలి. శుభ్రమైన రేవు మొదట, మురికి రేవు చివర. తిరగేస్తే ఒకదాని మురికి ఇంకొకదానికి అంటుతుంది. ఆరో సీసాలో నది నీళ్ళుండవు, ల్యాబ్‌లో వడకట్టిన స్వచ్ఛమైన నీళ్ళుంటాయి. అది ఊరికే నది చుట్టూ తిరిగొస్తుంది. ఆఖరి రేవులో ఒకసారి మూత తీసి, గాలి తగలనిచ్చి, మళ్ళీ మూసేయాలి. అందులో ఏదైనా మందు కనబడితే అది నదిది కాదు, బండిదో మనిషిదో అన్నమాట. ఆఫీసులో దానికేదో పేరుంది. ఆయన తోడుసీసా అంటాడు.

మనుషులు మింగిన మందు ఒంట్లోనే ఉండిపోదు. సగం మరుగుదొడ్లోంచి కాలవలోకి, కాలవలోంచి నదిలోకి పోతుంది. ఏ మందు నదిలో ఎంత ఉంది, అంత ఉంటే చేపకేమవుతుంది, నాచుకేమవుతుంది, ఆ నీళ్ళు తాగే పశువుకేమవుతుంది అని మేడమ్ ఆరేళ్ళుగా లెక్క కడుతోంది. ఉన్నదాన్ని ఉండదగినదానితో భాగిస్తుంది. ఒకటి దాటితే ఎర్ర గీత. ఆవిడ గదిలో గోడంత కాగితం మీద నది గీసి ఉంటుంది. చివరి రేవులన్నీ ఎర్రగా ఉంటాయి. అందులో వింతేం లేదు, అక్కడ రెండు పెద్దాసుపత్రుల మురుగు కలుస్తుంది. మొదటి రేవు మాత్రం ఐదేళ్ళకు పైగా పచ్చగా ఉండేది. మిగతావాటిని పోల్చి చూసుకోవడానికి అదే కొలబద్ద.

నాలుగు నెలలుగా అక్కడ ఎర్ర గీత పడుతోంది. ఒకే ఒక మందుకి. నొప్పుల మందు.

మొదటి రేవుకి పైన పొలాలు తప్ప ఏమీ లేవు, రెండు గదుల చిన్న క్లినిక్ ఒకటి తప్ప. అందులో ఒక నర్సు ఉంటుంది. చుట్టుపక్కల పాతిక మైళ్ళకి కాన్పైనా కాలు విరిగినా మొదట చూసేది ఆవిడే. వెతకడానికి ఇంకెవరూ లేకపోవడంతో పైఆఫీసు వాళ్ళ వేలు ఆవిడ వైపే తిరిగింది. గడువు తీరిన మందులు కాలవలో పోస్తున్నారని ఉత్తరం రాశారు. ఈ వారం నీళ్ళలో కూడా వస్తే క్లినిక్ మూసేస్తామని, మురుగుకి వేరే తొట్టి కట్టిస్తేనే తెరవనిస్తామని అందులో ఉంది. ఆ తొట్టి ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

ఆ ఉత్తరం సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మొదటి రేవులో తల ఎత్తకుండా నీళ్ళు పట్టుకొచ్చేస్తున్నాడు. తన సీసాలే ఆవిడ మీద సాక్ష్యం చెబుతున్నాయి మరి.

ఈ రోజు తప్పించుకోవడం కుదరలేదు. బండి ఆగేసరికి నర్సు రేవులోనే నిలబడి ఉంది. తెల్ల చీర కుచ్చిళ్ళు బురద అంటకుండా పైకి దోపుకుని, చంకలో పెద్ద పుస్తకం, చేతిలో మడత పెట్టిన ఉత్తరం పట్టుకుని ఉంది.

"బాబాయి గారూ, మిమ్మల్నేమీ అనడానికి రాలేదు," అంది. "మీరు పట్టమన్నచోట పడతారు. కానీ ఒక్కసారి చూడండి. నేను చెబితే వాళ్ళు వినడంలేదు, కనీసం మీరు చూశానని చెబితే చాలు."

పుస్తకం తెరిచి బండి బానెట్ మీద పెట్టింది. ఏ మందు ఎప్పుడొచ్చిందో, ఎవరికిచ్చిందో వరసగా రాసుకుంది.

"ఈ మందు నా దగ్గరికి రాక ఏడాది దాటింది. బిళ్ళ లేదు, సూది లేదు, ట్యూబూ లేదు. నొప్పని వచ్చినవాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోమని చెప్పి పంపుతున్నా. లేని మందు కాలవలో ఎలా పోస్తాను?"

"పుస్తకం మీదే కదమ్మా, మీరే రాసుకున్నారు కదా అంటారు," అన్నాడు రేడియో.

"అన్నారు. సరిగ్గా ఆ మాటే అన్నారు."

నీళ్ళ బాబాయి ఉత్తరం వైపు చూస్తున్నాడు. మందు పేరు ఒకచోట లావు అక్షరాల్లో ఉంది. ఆయనకి వచ్చింది తెలుగు చదువు, అదీ కూడబలుక్కుని. ఈ అక్షరాలు ఆ భాషవి కావు. చదవడం రాదు. కానీ అవి తెలిసిన ముఖాలు. నాలుగు నెలలుగా తెల్లవారగానే వాటిని అడుగునుంచి నొక్కుకుంటూ వస్తున్నాడు.

"ట్యూబు అన్నారు," అన్నాడు. "రాసుకునేది కూడా ఇదే మందా?"

"ఇదే. మింగితే లోపల్నుంచి, రాస్తే పైనుంచి. మందొకటే."

"చేతికైతే, సబ్బుతో కడిగితే పోతుందిగా?"

"కంటికి పోతుంది. చర్మంలోకి పట్టేదే కదా అది, రోజంతా ఉంటుంది. ఏం బాబాయి గారూ, మీకేమైనా నొప్పులా?"

"లేదమ్మా."

గట్టు మీద నుంచి ఎవరో పిలిచారు. క్లినిక్ మెట్ల మీద ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నర్సు పుస్తకం మూసి, "ఆ ముసలాయనది మణికట్టు బెణికింది, చూసొస్తా," అని గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆయన బండి మెట్టు మీద కూర్చుండిపోయాడు. కాళ్ళ కింద ఇసుక జారుతున్నట్టుగా ఉంది. పడవ రోజుల్లో ఒకసారి అలాగే అయింది. ఒడ్డనుకుని కాలు పెడితే అది ఒడ్డు కాదు.

గ్లౌజులిచ్చారు. మొదటి రోజు నుంచీ ఇచ్చారు. నీళ్ళు ముంచేటప్పుడు వేసుకునేవాడు కూడా. అయితే ఆరేళ్ళ కిందట, కొత్తలో, ఒక సీసా మూత సరిగా మర పట్టక బండిలో కారిపోయింది. ఆ రోజు మేడమ్ అందరి ముందూ గట్టిగా చివాట్లు పెట్టింది. గ్లౌజు వేసుకుంటే మర పట్టిందో లేదో వేలికి తెలియదు. అప్పటి నుంచి మూత పని మాత్రం ఉత్త చేత్తోనే. సీసా ముంచినంత సేపూ దుమ్ము పడకుండా మూతని బోర్లించి ఎడమ అరచేతిలో అదిమి పట్టుకునేవాడు. సీసా అంచుదాకా నిండి, మూత బిగించేటప్పుడు పొర్లే నీళ్ళు వేళ్ళ మీదుగా పారేవి. ఆరేళ్ళలో మళ్ళీ ఒక్క సీసా కారలేదు. ఆ మాట మేడమే పదిమందిలో చెప్పేది.

ఇంటి నుంచి నేరుగా వచ్చేది మొదటి రేవుకే. రెండో రేవుకి వెళ్ళేసరికి చేతులు పొర్లిన నీళ్ళకి తడిసి చాలా మందు వదిలి ఉంటాయి. తోడుసీసా తెరిచేది ఆఖరి రేవులో. అందుకే అది ఏమీ పట్టుకోలేదు.

సీసాకి అతికించే చీటీలో ఒక ప్రశ్న ఉంటుంది. ఈ రోజు ఏదైనా మందు మింగారా, ఒంటికి రాసుకున్నారా? ఆయన ఏనాడూ అబద్ధం రాయలేదు. మింగలేదు, రాసుకోలేదు. ఆ మోకాళ్ళు తనవి కావు. అడిగినదానికి జవాబు చెప్పాననే అనుకున్నాడు.

"ఏంటి బాబాయ్, ఎండ ముదిరిపోతోంది," అన్నాడు రేడియో.

"అది నా చేతుల్లోదిరా."

"ఏది?"

ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. తర్వాత నాలుగైదు ముక్కల్లో చెప్పాడు. ఒకేసారి అన్ని మాటలు ఆయన నోటినుంచి రావడం రేడియో అదే మొదటిసారి వినడం.  అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అయితే ఇందులో గొడవేముంది? ఇవాళ గ్లౌజులు తియ్యకుండా పట్టు. శుభ్రంగా వస్తుంది. నర్సమ్మ క్లినిక్ ఉంటుంది, నీ ఉద్యోగం ఉంటుంది. చచ్చేదాకా నేనెవరికీ చెప్పను."

"నువ్వా?"

"ఇదొక్కటీ చెప్పను. ఒట్టు."

ఆయన నీళ్ళ వైపు చూశాడు. అలా చేయొచ్చు. పని సులువు కూడా. ఈ వారం పచ్చ గీత పడుతుంది. వచ్చే వారమూ పచ్చే. పైఆఫీసు వాళ్ళు గోడ మీద కాగితం చూసి ఏమంటారు? ఉత్తరం రాయగానే భయపడి మానేసింది చూశారా అంటారు. క్లినిక్ తెరిచే ఉంటుంది. ఆవిడ మాత్రం మందులు కాలవలో పోసిన మనిషిగానే మిగిలిపోతుంది. మందు లేకపోతే కాపడంతో సరిపెట్టి, ప్రతి బిళ్ళకీ లెక్క రాసుకున్న మనిషి.

"పోసి, మానేసిందనుకుంటారు," అన్నాడు.

"అనుకోనీ. అనుకుంటే ఏం పోయింది?"

 ఆయన లేచి వెనక తలుపు తీశాడు. ముందు నది సీసా తీసుకోలేదు. తోడుసీసా తీశాడు.

చేతులు తడపలేదు. ఇంటి నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉండాలి. సీసాని రాయి మీద నిలబెట్టి మూత తిప్పి తీశాడు. దాన్ని బోర్లించి ఎడమ అరచేతిలో అదిమి పట్టుకున్నాడు. నది సీసా ముంచడానికి ఎంతసేపు పడుతుందో మనసులో లెక్కపెట్టుకుంటూ అంతసేపూ అలాగే ఉన్నాడు. తర్వాత మూత పెట్టి, కుడిచేతి వేళ్ళతో మర వెతికి పట్టుకుని, సీసాని కాస్త వంచాడు. లోపలి నీళ్ళు అంచుకి వచ్చి వేలి కొసలని తడిపి లోపలికి వెళ్ళాయి. బిగించాడు. రోజూ చేసే పనే, ఒక్క పిసరు ఎక్కువా కాదు తక్కువా కాదు. ఎక్కువ చేస్తే లెక్క ఎక్కువొస్తుంది, అదీ తప్పే.

జేబులోంచి పెన్ను తీసి చీటీ రాశాడు. తేదీ. వేళ. స్థలం అన్నచోట పెన్ను ఆగింది. తర్వాత రాశాడు. కింద ఆ ప్రశ్న దగ్గర, అవును, భార్య మోకాళ్ళకి, అని రాశాడు.

అప్పుడు రేవు దిగువకి నడిచి వెళ్ళి, ఇసుకతో చేతులు మోచేతుల దాకా తోముకుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని వచ్చి మొదటి రేవు సీసా పట్టాడు. గ్లౌజుతో మూత మర పట్టిందో లేదో తెలియక మూడుసార్లు విప్పి బిగించాడు. సీసాని తలకిందులు చేసి, కారడంలేదని చూసుకుని, ఐసులో పెట్టాడు. రేడియో అదంతా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

మిగతా నాలుగు రేవులూ ఎప్పటిలాగే అయ్యాయి. రెండో రేవులో బట్టలుతికే ఆవిడ, పక్కకి జరగమంటే, నీళ్ళు నీ సొంతమా అని ఎప్పటిలాగే కసిరింది. ఐదో రేవులో మురుగు నురగ కాళ్ళకి చుట్టుకుంది. ఆయన గ్లౌజులు ఎక్కడా తీయలేదు. తీయకుండా చేస్తే ప్రతి మూతకీ నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఇన్నాళ్ళూ అంతేనా, నాలుగు నిమిషాలేనా అనుకున్నాడు.

ల్యాబ్ చేరేసరికి పదకొండు దాటింది. మేడమ్ నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ జుట్టులోకి తోసి ఉంటుంది, అదెక్కడ పెట్టానో అని వెతుకుతూ ఉంటుంది. సీసాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టించుకుని చీటీలు చదువుతూ వచ్చింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఇదేంటి పెద్దాయనా, తోడుసీసా ఆఖర్న కదా తెరవాలి, మొదటి రేవు వేళ వేశారేం?"

చీటీ పూర్తిగా చదివింది. కళ్ళజోడు కిందికి దించి మళ్ళీ చదివింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగు నెలలు."

"గ్లౌజులెందుకిచ్చాం మీకు?"

ఆవిడ గొంతు కాస్త లేచింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"మూతకి తీసేవాణ్ణి. మర తెలీదని. మొదట్లో ఒక సీసా కారిపోయింది కదమ్మా."

మేడమ్ ఏదో అనబోయి ఆగింది. ఆ సీసా ఆవిడకీ గుర్తుంది. ఆ రోజు ఏమందో కూడా గుర్తొచ్చినట్టుంది, చూపు పక్కకి తిప్పుకుంది.

"అరిచింది నేనే," అంది.

"మంచికే అరిచారు. మళ్ళీ కారలేదు."

"ఇవాళ్టి మొదటి రేవు సీసా ఎలా పట్టారు?"

"గ్లౌజులతోనే."

"అయితే శుభ్రంగానే వస్తుంది." ఆవిడ బల్ల మీద వేళ్ళతో తట్టింది. "నాకు చెప్పకుండా ఇదొక్కటి పట్టుకొచ్చేసినా మొదటి రేవు మామూలైపోయేది. మీకు తెలుసుగా ఆ సంగతి?"

"పాతవాటికి జవాబు ఉండదుగా అమ్మా."

మేడమ్ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆ గోడ మీది లెక్కలన్నీ కలిపి నెలాఖరుకి పైకి నివేదిక పంపాలి. మొదటి రేవుని కొలబద్దగా పెట్టుకుని కట్టిన లెక్కలన్నీ మళ్ళీ కట్టాలి. మిగతా రేవుల్లో ఎంత నదిదో ఎంత చేతిదో తేల్చాలి. పైవాళ్ళకి సంజాయిషీ రాయాలి. ఆవిడ వీపు చూస్తే అవన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు తెలిసిపోతోంది.

"సరే," అంది ఇటు తిరక్కుండానే. "ముందు ఈ సీసా చూద్దాం. దీన్లో అంకె పడితే ఆ నర్సుకి నేనే ఉత్తరం రాస్తాను. మీరు రేపట్నుంచి ఇంట్లో కూడా గ్లౌజులు వేసుకునే మీ ఆవిడకి మందు రాయండి. పెట్టె ఇక్కణ్ణుంచే ఇస్తాను."

ఆయన బొటనవేలిని అరచేతిలో రుద్దుకున్నాడు. చెప్పాలా వద్దా అని కాదు. మాట వెతుక్కుంటున్నాడు.

"తొడుగేసుకుంటే నొప్పెక్కడుందో వేలికి తెలీదమ్మా."

"అయితే వేరే ఎవరైనా..."

"ఎవరూ లేరు."

"నీళ్ళు పట్టే రోజుల్లో మానేస్తే? వారానికి రెండు రోజులే కదా."

"మోకాళ్ళకి సెలవులుండవమ్మా."

మేడమ్ తల వంచుకుని నవ్వింది. అది నవ్వులా లేదు.

"పోనీ నది వద్దు. సీసాలు కడిగే గదిలో వేయిస్తాను."

"అక్కడైతే మరీ అన్యాయం," అన్నాడాయన నిజంగానే కంగారుపడి. "అన్ని సీసాలకీ అంటుతుంది. వేరే మనిషిని చూసుకోండి. మూత బిగించేటప్పుడు గ్లౌజు తీయొద్దని చెప్పండి. నాలుగు నిమిషాలు ఆలస్యమైనా పర్లేదని చెప్పండి."

ఆవిడ ఒప్పుకోలేదు. మళ్ళీ మాట్లాడదాం, రేపు రండి అంది. ఆయన సరేనని తల ఊపాడు కానీ, ఐసు పెట్టె కడిగి బోర్లించాడు, రబ్బరు బూట్లు కడిగి గోడకి ఆనించాడు, మెడలోని కార్డు తీసి బల్ల మీద చీటీల పక్కన పెట్టాడు. నడవాలో ఎవరో టీ ఇచ్చారు. ఆరేళ్ళలో ఆ ల్యాబ్‌లో ఆయన టీ తాగడం అదే మొదలు. బయట మెట్ల మీద కూర్చుని, చల్లారేదాకా గ్లాసు పట్టుకుని, రెండు గుక్కల్లో తాగేశాడు.

రేడియో ఇంటిదాకా దింపాడు. దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "నీకు పిచ్చి బాబాయ్," అన్నాడు. తర్వాత కిందికి దిగొచ్చి, అవసరం లేకపోయినా, ఆయన కోసం గేటు తీసి పట్టుకున్నాడు.

భార్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కుట్టు ఊడిన దిండుగలేబు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది.

"ఏవయ్యా, ఇంత పెందలాడే వచ్చావేం? నది ఎండిపోయిందా?"

"మానేశాను."

"ఏం మానేశావు? పనా? ఎందుకు?"

"చేతులు ఆ పనికి పనికిరావు."

"ఎవరన్నారా మాట?" ఆమె దిండుగలేబు పక్కన పడేసింది. "ఆ మేడమేనా? పద, నన్ను తీసుకెళ్ళు. ఇరవై ఏడేళ్ళు పడవ నడిపిన చేతులకి ఆవిడ వంకలు పెట్టేదేంటి?"

"నేనే అన్నాను."

ఆమె ఎన్ని రకాలుగానో అడిగింది. బతిమాలింది, తిట్టింది, అలిగి కాసేపు అటు తిరిగి కూర్చుంది. ఆయన సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాడు. మోకాళ్ళ సంగతి ఎత్తలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. మర్నాడు తెల్లవారగానే ముక్కాలి పీట మంచం పక్కకి లాక్కున్నాడు. అయ్యాక టీ పెట్టనా అని ఆమె అలవాటుగా అడిగితే, పెట్టమన్నాడు.

ఎనిమిది రోజులకి ల్యాబ్‌లో అంకె పడింది. మొదటి రేవులో నాలుగు నెలలుగా వస్తున్న అంకెకి దగ్గరగా, దాదాపు దాని పక్కనే పడింది. గ్లౌజులతో పట్టిన సీసాలో ఏమీ లేదు. మేడమ్ నివేదికలోంచి మొదటి రేవు నాలుగు నెలల లెక్కా కొట్టేసి, కారణం అన్నచోట ఒక వాక్యం రాసింది. క్లినిక్‌కి ఉత్తరం రాసి, రేడియో చేతికిచ్చి పంపింది. నర్సు దాన్ని మందుల పుస్తకంలో మొదటి పేజీకి అంటించుకుందని అతను వచ్చి చెప్పాడు.

కొత్త మనిషిని పెట్టుకున్నారు. మూడు నెలలు దాటిన సీసాలన్నీ కడుగుడు గదికి పోతాయి, అది పద్ధతి. చల్లగదిలో కింది అరలో ఒకటి మాత్రం అలాగే ఉంది. ముదురు రంగు గాజు, సగానికి పైగా నీళ్ళు, మేడమ్ రబ్బరు గుడ్డ చుట్టి రెండు చేతులా తిప్పితే కానీ తెరుచుకోని మూత. దాని మీద అతికించిన చీటీలో, తేదీ కింద, వేళ కింద, స్థలం అని అచ్చేసి ఉన్నచోట, తడికి కాస్త అలికిన అక్షరాల్లో: నా చేతులు.